పాత డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ అమర్చుకోవడం ఎలా?

ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లతో, హెచ్61 చిప్‌సెట్ (బోర్డులోని భాగాలను కలిపే ప్రధాన చిప్) ఉన్న మదర్‌బోర్డులతో 2011 తరువాత అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో, అకౌంట్లు రాసే చిన్న ఆఫీసుల్లో రోజూ పనిచేస్తూనే ఉన్నాయి. వాటిలో ప్రాసెసర్‌కు ఉత్తరాలు టైపు చేయడానికి, లెక్కలు చూసుకోవడానికి, బ్రౌజర్ నడపడానికి చాలినంత శక్తి ఇంకా ఉంది. అయినా స్విచ్ వేసిన తరువాత మౌస్ మాట వినడానికే నిమిషాలు పడుతోందంటే, చాలా సందర్భాల్లో దానికి కారణం లోపల తిరుగుతున్న హార్డ్‌డిస్క్. ఆ ఒక్క భాగానికి బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే సమాచారాన్ని చిప్‌లలో దాచుకునే సాలిడ్ స్టేట్ డ్రైవ్, పెట్టుకుంటే యంత్రం మరికొన్నేళ్లు చక్కగా ఉపయోగపడుతుంది. ఈ పనిని మీరే ఇంట్లో చేసుకోవచ్చు. స్క్రూలు విప్పి బిగించడం ఇందులో తేలికైన భాగం; అసలు జాగ్రత్త అంతా క్యాబినెట్ తెరవక ముందు చేయవలసిన పనుల్లో ఉంది కాబట్టి ఈ వ్యాసంలో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది

పాత బోర్డులో వేగవంతమైన పోర్టు లేదు కాబట్టి ఎస్‌ఎస్‌డీ పెట్టినా ప్రయోజనం ఉండదని చెప్పే వాళ్లు చాలామంది ఉన్నారు. ఈ మాట నమ్మి వెనకడుగు వేయవద్దు. డెస్క్‌టాప్‌లలో ఉండే మామూలు హార్డ్‌డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే సుమారు 4 మిల్లీసెకన్లు ఆగాలి; అంతకు ముందు హెడ్ సరైన ట్రాక్‌కు జరగడానికి మరో 8 లేదా 9 మిల్లీసెకన్లు కావాలి. ఈ రెండూ కలిపితే ఆ డిస్క్ సెకనుకు దాదాపు 80 చోట్ల నుంచి మాత్రమే చదవగలదని తేలుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది ఒక పెద్ద ఫైలు కాదు, డిస్క్ అంతటా చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న చిన్న ముక్కలు. ఒక్కో ముక్క 4 కిలోబైట్లు అనుకుంటే, సెకనుకు 80 ముక్కల చొప్పున వచ్చేది అర మెగాబైటు కూడా కాదు.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఏ ముక్కనైనా సుమారు 0.1 మిల్లీసెకనులో అందిస్తుంది. అవే చిన్న ముక్కలను ఒకదాని తరువాత ఒకటిగా చదివినా సెకనుకు 25 నుంచి 40 మెగాబైట్లు వస్తాయి. డ్రైవ్ కేబుల్‌ను బోర్డుకు తగిలించే చోటును సాటా పోర్టు అంటారు. హెచ్61 బోర్డులోని సాటా 2, అంటే రెండో తరం పోర్టు సెకనుకు సుమారు 300 మెగాబైట్ల వరకు మోయగలదు కాబట్టి ఈ 40 మెగాబైట్లకు అది ఏ విధంగానూ అడ్డు కాదు. సాటా 3 పోర్టు ఉంటే 550 వరకు వచ్చే మాట నిజమే కానీ, ఆ తేడా పెద్ద వీడియో ఫైళ్లు కాపీ చేసేటప్పుడు కనిపిస్తుంది తప్ప, బ్రౌజర్ తెరుచుకునే వేగంలో మీరు గుర్తుపట్టలేరు.

మీ యంత్రంలో ఏముందో చూసుకోండి

విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే మదర్‌బోర్డు పేరు, బయోస్ (స్విచ్ వేయగానే యంత్రాన్ని లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) మోడ్ పాత రకం లెగసీయా, కొత్త రకం యూఈఎఫ్‌ఐయా అన్న వివరం కనిపిస్తాయి. రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి, తరువాత అవసరమవుతాయి. తరువాత క్రిస్టల్‌డిస్క్ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకుని తెరవండి. అందులో ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న చోట రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి: మొదటిది ఇప్పుడు నడుస్తున్న వేగం, రెండోది ఆ డిస్క్ అందుకోగలిగిన వేగం. మొదట 300, తరువాత 600 కనిపిస్తే మీ డిస్క్ సాటా 2 పోర్టుకు తగిలించి ఉందని అర్థం.

హెచ్61 చిప్‌సెట్ ఇచ్చే నాలుగు పోర్టులూ సాటా 2 రకమే. బీ75లో ఒక పోర్టు, హెచ్81లో రెండు పోర్టులు సాటా 3 రకం. హెచ్110లో అన్నీ సాటా 3. వేగవంతమైన పోర్టులను తయారీదారులు తరచుగా వేరే రంగులో పెడతారు. ఇక్కడ ఒక తికమక ఉంది: బోర్డు మీద పోర్టు పక్కన సాటా3 అని అచ్చువేసి ఉంటే అది మూడో తరం పోర్టు అని కాక, కేవలం మూడో నంబరు పోర్టు అని కూడా అర్థం కావచ్చు, సాటా 3జీ అని ఉంటే అది సెకనుకు 3 గిగాబిట్ల వేగం, అంటే రెండో తరమే. 6జీ అని రాసి ఉన్నదే మూడో తరం. అనుమానం ఉంటే బోర్డు మాన్యువల్ చూడండి.

ర్యామ్ ఎంత ఉందో కూడా ఇప్పుడే గమనించండి. 2 జీబీ మాత్రమే ఉన్న యంత్రంలో ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెడితే సంతృప్తి కలగదు, ఎందుకంటే ర్యామ్ నిండిన ప్రతిసారీ విండోస్ డ్రైవ్‌నే ర్యామ్‌కు బదులుగా వాడుకుంటుంది. హెచ్61 బోర్డు డీడీఆర్3 ర్యామ్‌ను 16 జీబీ వరకు తీసుకుంటుంది. కనీసం 8 జీబీ ఉండేలా చూసుకుంటే రెండు ఖర్చులూ సార్థకమవుతాయి.

ఏ డ్రైవ్ కొనాలి

ఈ వయసు డెస్క్‌టాప్‌కు కావలసింది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. దుకాణంలో ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్‌ఎస్‌డీ ఇంకా వేగంగా ఉంటుందని చెప్పి ఇవ్వబోతే తీసుకోకండి. దానికి కావలసిన ఎం.2 స్లాట్ హెచ్61 బోర్డులో ఉండదు. అడాప్టర్ కార్డు మీద పెట్టి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో గుచ్చినా, ఆ కాలపు బయోస్‌కు ఎన్‌వీఎంఈ అంటే ఏమిటో తెలియదు కాబట్టి సాధారణంగా దాని నుంచి విండోస్ బూట్ కాదు.

పరిమాణం విషయంలో ఒక లెక్క చెబుతాను, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. మీ పాత హార్డ్‌డిస్క్ 500 జీబీ అయి, దాన్ని ఉన్నదున్నట్టుగా కొత్త డ్రైవ్‌కు క్లోన్ చేయాలనుకుంటే, 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనడం వల్ల ఇబ్బంది వస్తుంది. క్లోన్‌జిల్లా లాంటి ప్రోగ్రాములు లక్ష్యంగా ఇచ్చిన డ్రైవ్ అసలు దానికంటే చిన్నదైతే మామూలు పద్ధతిలో పని మొదలుపెట్టవు, లోపల ఎంత ఖాళీ ఉన్నా సరే. 500 లేదా 512 జీబీ డ్రైవ్ కొంటే ఆ చిక్కు ఉండదు. కొత్తగా విండోస్ గానీ లినక్స్ గానీ ఇన్‌స్టాల్ చేసుకునే వారికి, ఫొటోలు, సినిమాలు పాత డిస్క్‌లోనే ఉంచుకునే వారికి 240 లేదా 256 జీబీ చాలు.

డ్రైవ్ అరిగిపోతుందేమోనన్న భయం అక్కరలేదు. 240 జీబీ తరగతిలో క్రూషియల్ బీఎక్స్500, కింగ్‌స్టన్ ఏ400 వంటి చౌక డ్రైవ్‌లకు కూడా 80 టెరాబైట్ల రాతకు తయారీదారు హామీ ఉంది. మీరు రోజుకు 20 జీబీ చొప్పున రాసినా, అది తీరడానికి దాదాపు 11 ఏళ్లు పడుతుంది. సామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీకి ఈ హామీ 300 టెరాబైట్లు, వారంటీ అయిదేళ్లు. నేనైతే క్యూఎల్‌సీ (ఒక్కో గదిలో నాలుగు బిట్లు దాచే) రకం చిప్‌లు ఉన్న డ్రైవ్‌ల కంటే టీఎల్‌సీ (మూడు బిట్లు దాచే) రకాన్నే ఎంచుకోమంటాను. క్యూఎల్‌సీ డ్రైవ్‌లో పెద్ద ఫైళ్లు ఏకబిగిన కాపీ చేస్తూ పోతే, లోపలి క్యాష్ నిండిన తరువాత రాసే వేగం పాత హార్డ్‌డిస్క్ కంటే కూడా పడిపోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, పేరు తెలియని బ్రాండ్ మీద నమ్మలేనంత తక్కువ ధర కనిపిస్తే వదిలేయండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు తప్పక తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.

క్లోన్ చేయాలా, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలా

ఇల్లు మారేటప్పుడు సామాను మొత్తం లారీకి ఎక్కించడం ఒక పద్ధతి, కావలసినవే ఏరుకుని తీసుకువెళ్లడం మరొక పద్ధతి. ఏళ్ల తరబడి వాడిన విండోస్‌లో చెత్త పేరుకుని ఉంటే కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలు. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి డ్రైవ్ మారినంత మాత్రాన అది పోదు.

అయితే కొందరికి క్లోన్ చేయడం తప్పనిసరి. పేజ్‌మేకర్‌తో, అను స్క్రిప్ట్ ఫాంట్లతో పెళ్లిపత్రికలు, పుస్తకాలు తయారుచేసే డీటీపీ సెంటరు మీదైతే, ఆ పాత ప్రోగ్రాముల ఇన్‌స్టలేషన్ సీడీలు ఇప్పుడు దొరుకుతాయో లేదో ముందు చూసుకోండి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. అవి లేని యంత్రంలో పాత ఫైళ్లు తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి, ఏళ్ల నాటి పని అంతా చదవలేనిదవుతుంది. సీడీ చేతిలో లేకపోతే క్లోన్ చేయడమే క్షేమం. లెక్కల ప్రోగ్రామ్ టాలీ వాడేవారు డేటా ఫోల్డర్‌ను వేరే చోట కాపీ చేసుకుని, కొత్త ఇన్‌స్టలేషన్‌కు వెళ్లే పక్షంలో పాత యంత్రంలో ఉండగానే లైసెన్స్‌ను సరెండర్ చేసి, తరువాత మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి.

ఏ విండోస్ అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్‌లు 2020 జనవరి 14తో, విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ కావాలి కాబట్టి హెచ్61 యంత్రం అధికారికంగా ఆ లెక్కలోకి రాదు. బ్యాంకు పనులు, ఈమెయిలు, తెలుగులో టైపింగ్ మాత్రమే మీ అవసరాలైతే విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్ మింట్‌ను తప్పక పరిశీలించండి. అది ఉచితం, భద్రతా అప్‌డేట్‌లు వస్తూ ఉంటాయి, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండు పద్ధతుల్లోనూ తెలుగు యూనికోడ్ టైపు చేయవచ్చు. పేజ్‌మేకర్ మీద ఆధారపడిన వారు మాత్రం విండోస్‌లోనే ఉండి, ఆ యంత్రాన్ని వీలైనంత వరకు ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచుకోవడం మంచిది.

పాత డిస్క్‌ను పరీక్షించి, బ్యాకప్ తీసుకోండి

క్రిస్టల్‌డిస్క్ఇన్‌ఫోను మళ్లీ తెరవండి. డిస్క్ మీద డేటా రాసే చిన్న చిన్న భాగాలను సెక్టార్లు అంటారు. అందులో 05 అన్న వరుస రీఅలొకేటెడ్ (చెడిపోయి, బదులు చోటుకు మార్చిన) సెక్టార్లను, సీ5 పెండింగ్ (చదవడం కష్టమై, అనుమానంలో ఉన్న) సెక్టార్లను, సీ6 సరిదిద్దలేని సెక్టార్లను చూపిస్తాయి. ఈ మూడింటికీ రా వాల్యూస్ అన్న గడిలోని విలువలు సున్నా అయితే డిస్క్ ఆరోగ్యంగా ఉందని అనుకోవచ్చు. సీ5 గానీ సీ6 గానీ సున్నా కాకపోతే ఆ డిస్క్‌లో కొన్ని చోట్లు ఇప్పటికే చదవడానికి మొరాయిస్తున్నాయని అర్థం. అలాంటి డిస్క్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివించే క్లోనింగ్‌కు ముందే, ముఖ్యమైన ఫైళ్లను చేత్తో ఏరి వేరే చోటికి కాపీ చేసుకోవాలి. మీ యంత్రం నెమ్మదించడానికి కారణం వయసు కాక, ఈ చెడిపోతున్న సెక్టార్లే కూడా కావచ్చు.

డిస్క్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా బ్యాకప్ లేకుండా తరువాతి అడుగు వేయకండి. క్లోన్ చేసేటప్పుడు మూలం ఏది, లక్ష్యం ఏది అన్నది తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి నిండు డ్రైవ్ మీద కూర్చుంటుంది, పోయింది తిరిగి రాదు. పిల్లల ఫొటోలు, భూమి పత్రాల స్కాన్‌లు, లెక్కలు, ఫాంట్ల ఫోల్డర్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, డెస్క్‌టాప్ మీద పడి ఉన్న ఫైళ్లు అన్నింటినీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి గానీ పెద్ద పెన్‌డ్రైవ్‌లోకి గానీ కాపీ చేయండి. కాపీ అయ్యాక వాటిలో కొన్నింటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకున్నప్పుడే అది బ్యాకప్ అయినట్టు.

బ్యాటరీ, బయోస్ సెట్టింగులు

కంప్యూటర్ గడియారం ప్రతి ఉదయం పాత తేదీ చూపిస్తోందా? అయితే బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. దాన్ని ఇప్పుడే, మిగిలిన అన్నిటి కంటే ముందు మార్చాలి. ఎందుకంటే బ్యాటరీ లేనప్పుడు కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. మనం ఇప్పుడు మార్చబోయే సాటా మోడ్ కూడా వాటిలో ఒకటి. ఎస్‌ఎస్‌డీ పెట్టిన వారం తరువాత ఒక రోజు హఠాత్తుగా నీలి తెర వచ్చి, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అన్న సందేశం కనిపిస్తే చాలామంది కొత్త డ్రైవ్ పాడైందని అనుకుంటారు. తప్పు చాలాసార్లు ఈ చిన్న బ్యాటరీదే అవుతుంది. ప్లగ్ తీసేసి, క్లిప్‌ను పక్కకు నొక్కితే పాతది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి.

సాటా పోర్టులు ఐడీఈ, ఏహెచ్‌సీఐ అనే రెండు మోడ్‌లలో పనిచేస్తాయి. అసెంబుల్ చేసిన పాత యంత్రాల్లో చాలావాటిని ఐడీఈలోనే వదిలేశారు. ఎస్‌ఎస్‌డీకి ఒకేసారి పలు అభ్యర్థనలు అందాలంటే ఏహెచ్‌సీఐ కావాలి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవారు ఇన్‌స్టలేషన్‌కు ముందు బయోస్‌లో మార్చేసుకుంటే సరిపోతుంది. ఉన్న విండోస్ 10ను క్లోన్ చేసేవారు మాత్రం నేరుగా మార్చకూడదు, మారిస్తే పైన చెప్పిన నీలి తెరే వస్తుంది. వారు ముందుగా సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ అన్న ట్యాబ్‌లో సేఫ్ బూట్ దగ్గర టిక్ పెట్టి, మినిమల్ ఎంచుకుని రీస్టార్ట్ చేయాలి. స్క్రీన్ వెలిగీ వెలగగానే డెలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, సాటా మోడ్‌ను ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేయాలి. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటూ తనకు కావలసిన డ్రైవర్‌ను తానే సర్దుకుంటుంది. ఆ తరువాత సేఫ్ బూట్ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే పని పూర్తవుతుంది. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి మీ ఖాతా పాస్‌వర్డు ముందే గుర్తుచేసుకోండి. ఇదంతా పాత హార్డ్‌డిస్క్ మీద ఉండగానే చేయండి. అది ఏహెచ్‌సీఐలో సక్రమంగా బూట్ అవుతోందని చూసుకున్నాకే క్లోన్‌కు వెళ్లండి.

జీ31, జీ41 కాలపు బోర్డుల్లో ఐసీహెచ్7 అనే చిప్ ఉంటుంది, దానికి ఏహెచ్‌సీఐ లేదు. అలాంటి యంత్రంలో ఐడీఈ మోడ్‌లోనే ఎస్‌ఎస్‌డీ నడుస్తుంది. లాభం కొంత తగ్గినా హార్డ్‌డిస్క్‌తో పోలిస్తే ఎంతో మెరుగే.

అమర్చడం

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పూర్తిగా తీసేయండి. తరువాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఎస్‌ఎంపీఎస్‌లో (కరెంటు అందించే పవర్ సప్లై పెట్టెలో) మిగిలిన విద్యుత్తు ఖర్చవుతుంది. క్యాబినెట్‌లోని రంగు వేయని ఇనుప భాగాన్ని చేత్తో తాకి, ఒంటి మీది స్టాటిక్ ఛార్జ్ పోగొట్టుకున్నాకే లోపలి భాగాలు ముట్టుకోండి. తెరిచారు కాబట్టి దుమ్ము కూడా మెత్తని బ్రష్‌తో దులిపేయండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి.

ఎస్‌ఎస్‌డీని 2.5 నుంచి 3.5 అంగుళాలకు మార్చే బ్రాకెట్‌లో పెట్టి, హార్డ్‌డిస్క్ స్థలంలో బిగించండి. దీనికి ఎం3 అనే సన్నని మరలు కావాలి. హార్డ్‌డిస్క్ కోసం వాడే లావు స్క్రూలను బలవంతంగా ఎక్కిస్తే ఎస్‌ఎస్‌డీ గాడి పాడవుతుంది. బ్రాకెట్ దొరకకపోతే ఒక పక్క రెండు స్క్రూలతో బిగించినా, గట్టి డబుల్ సైడ్ టేప్‌తో అతికించినా ఫరవాలేదు. లోపల కదిలే భాగాలు లేవు కాబట్టి అది నిలువుగా ఉన్నా, అడ్డంగా ఉన్నా ఒకటే. వేలాడుతూ మదర్‌బోర్డుకు తగలకుండా ఉంటే చాలు.

సాటా డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండింటి మూతులూ ఎల్ ఆకారంలో ఉంటాయి, ఒక దిశలోనే ఎక్కుతాయి. వంకరగా తోస్తే ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది, కాబట్టి నేరుగా, నెమ్మదిగా నొక్కండి. బోర్డు మీద ఉన్న పోర్టులలో వేగవంతమైనది ఎస్‌ఎస్‌డీకి, మరొకటి పాత డిస్క్‌కు ఇవ్వండి. ఖాళీ పవర్ కనెక్టర్ మిగలకపోతే, ఎవరూ వాడని డీవీడీ రైటర్ నుంచి దాన్ని తీసుకోవచ్చు. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే కేబుల్ కొనవలసి వస్తే తీగలను లోపల ప్లాస్టిక్‌లో కరిగించి పోసిన రకం వద్దు. ఆ రకంలో తీగలు లోపల ఒకదానికొకటి తగిలి కాలిపోయే ప్రమాదం ఉంది. ఒక్కో తీగ వేరుగా గుచ్చి ఉండి, వెనుక మూత తెరుచుకునే రకం అడిగి తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ వాడేది కొద్ది వాట్లే కాబట్టి పాత ఎస్‌ఎంపీఎస్‌కు అదనపు భారం ఉండదు.

క్లోన్ గానీ, ఇన్‌స్టలేషన్ గానీ

సామ్‌సంగ్ డ్రైవ్‌కు ఆ సంస్థ సొంత ప్రోగ్రామ్, క్రూషియల్, కింగ్‌స్టన్ వంటి వాటికి అక్రోనిస్ ప్రోగ్రామ్ ఉచితంగా లభిస్తాయి. ఇవి విండోస్‌లోనే నడుస్తాయి, డేటా సరిపడినంత మేర చిన్న డ్రైవ్‌కు కూడా కాపీ చేస్తాయి కాబట్టి మొదటిసారి చేసేవారికి ఇవే సులువు. క్లోన్‌జిల్లాను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, డివైస్ నుంచి డివైస్‌కు అన్న దారిలో వెళ్లి, డిస్క్ నుంచి డిస్క్‌కు కాపీని ఎంచుకోవాలి. ఏ ప్రోగ్రామ్ అయినా, మూలం, లక్ష్యం అడిగిన చోట ఒక నిమిషం ఆగి, రెండు డ్రైవ్‌ల మోడల్ పేర్లనూ పరిమాణాలనూ గట్టిగా చదువుకుని, మూలం పాతదే అని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి. క్లోన్ నడుస్తున్నప్పుడు కరెంటు పోతే అంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. యూపీఎస్ ఉంటే దాని మీదే నడపండి.

కొత్తగా విండోస్ ఇన్‌స్టాల్ చేసేవారు పాత హార్డ్‌డిస్క్ కేబుల్‌ను ముందే తీసేయాలి. రెండూ ఉంటే విండోస్ బూట్ ఫైళ్లను కొన్నిసార్లు పాత డిస్క్ మీద పెట్టేస్తుంది. తరువాత ఆ డిస్క్ తీసేసిన రోజు కంప్యూటర్ లేవదు.

క్లోన్ పూర్తయ్యాక కూడా ఇదే నియమం. యంత్రం ఆపి, పాత డిస్క్ కేబుల్ తీసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే మొదటిసారి బూట్ చేయండి. క్లోన్ అయిన రెండు డిస్క్‌లకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉండడం వల్ల, రెండూ కలిసి కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. సరైన బూట్ డివైస్ ఎంచుకోమన్న సందేశం వస్తే బయోస్‌లో బూట్ వరుసలో ఎస్‌ఎస్‌డీని మొదట పెట్టండి. అయినా రాకపోతే మీరు కాగితం మీద రాసుకున్న బయోస్ మోడ్‌తో ఇప్పటి సెట్టింగు సరిపోతోందో లేదో చూడండి.

ఆ తరువాత

డ్రైవ్‌లను ఆప్టిమైజ్ చేసే విండో తెరిచి, కొత్త డ్రైవ్ పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని రాసి ఉందో లేదో చూడండి. అలా ఉంటే విండోస్ దాన్ని డీఫ్రాగ్ చేయకుండా, వారానికి ఒకసారి ట్రిమ్ ఆదేశం పంపుతుంది. ఏ బ్లాకుల్లోని డేటా మీరు చెరిపేశారో ఆ ఆదేశం వల్లే డ్రైవ్‌కు తెలుస్తుంది, రాసే వేగం నిలబడుతుంది. డ్రైవ్ వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ప్రోగ్రామ్‌తో చూస్తే సాటా 2 పోర్టులో వరుసగా చదివే వేగం 270 నుంచి 280 మధ్య వస్తుంది; ఆ అంకెను చూసి నిరాశ పడకండి, మీకు పనికొచ్చేది 4 కిలోబైట్ల ముక్కల వేగం చూపే 4కే అన్న వరుస. డ్రైవ్‌ను అంచు దాకా నింపకుండా పది, పదిహేను శాతం ఖాళీ ఉంచండి. డ్రైవ్ అరుగుతుందని పేజ్‌ఫైల్ (ర్యామ్‌కు బదులుగా విండోస్ డ్రైవ్‌లో వాడుకునే ఫైలు) ఆపేయమనే సలహాలు పాటించవద్దు, వాటివల్ల ఇబ్బందులే ఎక్కువ.

ఎస్‌ఎస్‌డీ పాడయ్యేటప్పుడు హార్డ్‌డిస్క్‌లా శబ్దం చేసి హెచ్చరించదు, ట్రిమ్ అయిన డేటాను తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. అందుకే బ్యాకప్ అలవాటు ఇంతకు ముందు కంటే ఇప్పుడే ఎక్కువ అవసరం. పాత డిస్క్‌కు 05, సీ5, సీ6 విలువలు సున్నా ఉంటే అదే మీ బ్యాకప్ డిస్క్ కావచ్చు. అయితే దాన్ని వెంటనే ఫార్మాట్ చేయకండి. కనీసం ఒక నెల కొత్త డ్రైవ్ మీద అన్ని ప్రోగ్రాములూ, ప్రింటరూ, పాత ఫైళ్లూ తెరిచి పనిచేసి చూసుకోండి. డిస్క్‌ను ఎవరికైనా ఇచ్చేయదలిస్తే క్విక్ ఫార్మాట్ సరిపోదు, అందులోని ఫైళ్లను ఎవరైనా తిరిగి తీయగలరు. ఫార్మాట్ విండోలో క్విక్ అన్న చోట టిక్ తీసేసి ప్రతి పార్టిషన్‌నూ పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ వాటి మీద సున్నాలు రాస్తుంది. 500 జీబీ డిస్క్‌కు ఇది గంటల తరబడి సాగవచ్చు కాబట్టి రాత్రి మొదలుపెట్టి, తెల్లవారాక డిస్క్‌ను తీసి ఇవ్వండి.